వంతకు విడిచిన చోటు

పాట నేర్పేటప్పుడు తౌడమ్మకు ఒక అలవాటు ఉండేది. చరణం చివర అరచెయ్యి ఎత్తేది. మళ్ళీ దించేదాకా పాడేవాళ్ళు నోరు తెరవకూడదు. ఆ చోటు వంతది. జముకుల కథలో ముందు ఒకరు చరణం పాడితే, వెనక నిలబడ్డ వంతలు పల్లవి అందుకుంటారు. కానీ ఇంటి దగ్గర సాధకంలో వంతలెవరు? వాకిట్లో కోళ్ళు తప్ప ఎవరూ ఉండరు. అయినా ఆ చెయ్యి లేచేది.

శిష్యురాలు పారమ్మకు ఇది మింగుడుపడేది కాదు. మంచి గొంతు, మంచి దమ్ము ఉన్న మనిషి, ఆగడమంటే చిరాకు. ఒకరోజు అడిగేసింది; మా వైపు అప్ప అంటే అక్క.

"అప్పా, పలికేవోళ్ళు లేనప్పుడు ఎవరి కోసం ఆగాలి? ఆ ముక్క కూడా నేనే పాడేస్తే పాట తెగకండా సాగతాది కదా."

తౌడమ్మ వక్క కొరుక్కుని, "తీర్థానికి ఒస్తావు గదా, సూద్దాం," అంది. నేను పక్కనే కూర్చుని జముకు నరం బిగిస్తున్నాను. జముకంటే పెద్ద కుంచం లాంటి గుల్ల; అడుగున తోలు, తోలు మధ్యనుంచి ఒకే ఒక్క నరం. మీటితే మనిషి లోపల మూలిగినట్టు ఉంటుంది. ఆ చుట్టుపక్కల దాన్ని నాలాగా మీటినవాడు లేడు. ఉన్నాడని ఎవరైనా అంటే వాళ్ళు నన్ను వినలేదన్నమాట.

తౌడమ్మ పాటలు ఆమె బతుకులోంచి వచ్చినవే. పెళ్ళయిన కొత్తలో మొగుడు రంగం ఓడ ఎక్కాడు. ఆ రోజుల్లో మా వైపు మగవాళ్ళు చాలామంది అలాగే సముద్రం దాటి రంగం, అంటే బర్మాలోని రంగూన్, పోయి, అక్కడి మిల్లుల్లో కూలి చేసేవారు. కొందరు తిరిగొచ్చారు. అతను రాలేదు. ఓడ వస్తోందని కబురు తెలిస్తే చాలు, ఈవిడ తలకు నూనె రాసుకుని భీమిలి రేవుకు నడిచిపోయేది. ఆ దారిలో నడుస్తూ కట్టుకున్నదే రంగం ఓడ పాట. బూరాడపేట అమ్మవారి తీర్థంలో, అంటే జాతరలో, ఏటేటా అదే పాడేది. అది వినకపోతే తీర్థానికి వెళ్ళినట్టే ఉండదని ఆడవాళ్ళు అనేవారు.

ఆ చోటు మీద గవరయ్య అనే ఇంకో పాటగాడు కన్నేశాడు. వాడి పేరు ఎత్తడం నాకు ఇష్టం లేదు. ఎత్తకపోతే కథ నడవదు. పట్నం నుంచి మైకు సెట్టు తెచ్చాడు. ఊరి పెద్దలకు సారా పోయించాడు. "ఆ ముసల్దాని ఏడుపు పాటలు ఇంకెన్నాళ్ళు ఇంటారు?" అన్నాడు. పెద్దలు ఎవరితోనూ చెడకుండా ఒక తీర్పు చెప్పారు. తీర్థం రోజు సాయంత్రం అమ్మవారి ఘటాలు గుడికి చేరేసరికి జనం ఎవరి ముందు కూర్చుని ఉంటారో, ఇకమీదట ఆ తీర్థంలో పాట వాళ్ళదే.

ఆ రోజు మేము వెళ్ళేసరికి మా వంతలు లేరు. అసిరయ్య, లచ్చయ్య అని అన్నదమ్ములు; తౌడమ్మ చేతి ముద్ద తిని పాట నేర్చినవాళ్ళు. చూస్తే ఎదుట గవరయ్య పందిట్లో, మైకు దగ్గర, కొత్త తలపాగాలు చుట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. నా కోపం ఉంది.

"ఏటి తౌడమ్మప్పా, ఒంటిగా పాడతావా? మా వంతల్ని అప్పియ్యమంటావా?" అని గవరయ్య మైకులోనే అడిగాడు. జనం నవ్వారు.

తౌడమ్మ అటు చూడనైనా లేదు. "పారమ్మా, నువ్వెత్తుకో," అంది.

"నేనా? మరి వంతలేరప్పా?"

"ఎత్తుకోయే గుంటా!"

పారమ్మ రంగం ఓడ ఎత్తుకుంది. గొంతుకు వంక పెట్టలేము. కానీ భయంతో వంత ముక్క కూడా తానే పాడేస్తోంది. ఆమెకు ఊపిరి సందు లేదు, వినేవాళ్ళకూ లేదు. కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే దుమ్ము దులుపుకుని లేచి మైకు వైపు నడుస్తున్నారు. ఊళ్ళోంచి బయల్దేరిన ఘటాల డప్పు అప్పుడే వినబడుతోంది. జనం తనవైపు వస్తుంటే మురిసిపోయి, గవరయ్య పాట ఆపి సోడా తాగుతున్నాడు.

తౌడమ్మ లేచి వచ్చి పారమ్మ పక్కన నిలబడింది. పారమ్మ చరణం ముగించింది.

"ఓడొచ్చె ఓడొచ్చె ఒడ్డుకే ఒచ్చె,
ఊళ్ళోని మగవోళ్ళు ఒకరొకరే దిగిరి..."

అరచెయ్యి లేచింది. పారమ్మ నోరు మూసుకుంది. నా వేలు నరం మీదికి పోయింది; తౌడమ్మ ఒక్క చూపు చూసింది, వేలు వెనక్కి వచ్చింది. పాట లేదు, జముకు లేదు. అంత జనం మధ్య అంత పెద్ద ఖాళీని నేను ఎన్నడూ చూడలేదు. లేచి వెళ్తున్నవాళ్ళు ఏమైందోనని వెనక్కి తిరిగారు. పారమ్మ తౌడమ్మ చెయ్యి వైపే చూస్తోంది. అది దిగలేదు.

"నావోడు రాలేదు సంద్రాల తల్లీ!"

పలికింది మా ముందున్నవాళ్ళు కాదు. గవరయ్య పందిరి గుంజకు కట్టిన మైకులోంచి వచ్చింది. అసిరయ్య, లచ్చయ్య! ఆ చరణం తరువాత ఆ ఖాళీ వస్తే నోరు తెరవడం తప్ప ఇంకోటి తెలియని మనుషులు. ఎవరి పందిట్లో ఉన్నదీ మరిచిపోయి, తీర్థమంతా మారుమోగేలా పలికేశారు.

"నోర్ముయ్యండ్రా, ఎదవల్లారా! అది మన పాట కాదు!" అని గవరయ్య అరిచాడు. అదీ మైకులోనే వచ్చింది. నవ్వీ నవ్వీ జనం కళ్ళు తుడుచుకున్నారు.

పారమ్మ తరువాతి చరణం అందుకుంది. ఈసారి తొందర లేదు. ఆగవలసిన చోట తనంత తానే ఆగింది. జీళ్ళు తూస్తున్న ఒక ముసలామె తక్కెడ పట్టుకునే పల్లవి పలికింది. ఆమె మొగుడూ రంగంలో పోయినవాడే. ఆ పై చరణానికి ఎవరు పలికారని అడగకండి, ఎవరు పలకలేదని అడగండి. అన్నదమ్ములు మైకు వదిలి తలలు వంచుకుని మా వెనక్కి వచ్చారు. నేను జరగలేదు. తౌడమ్మే జరిగి చోటిచ్చింది. ఘటాలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు గుడి దాకా వెళ్ళకుండా మా ముందే ఆగి, "నావోడు రాలేదు" అని గొంతు కలిపారు. గవరయ్య పందిట్లో మైకు మిగిలింది, సగం తాగిన సోడా మిగిలింది. పెద్దలు ఇక తీర్పు చెప్పవలసిన పని పడలేదు.

తిరిగి వస్తుంటే గట్టు మీద పారమ్మ తౌడమ్మ పక్కకు చేరింది. ఉండబట్టలేక అడిగింది.

"అప్పా, ఎవుళ్ళూ పలక్కపోతే ఏటి సేసేదానివి? సెయ్యి దింపీసేదానివా?"

తౌడమ్మ నడక ఆపలేదు.

"ఓడలో ఆడు రాలేదని నేను రేవుకెళ్ళడం మానీసేనేటే?" అంది.