సబ్బు నురగతో కూర్చున్న సారు

“బావిలోకి టేపు దించాం, అంకె చూశాం. ఇంకా గట్టు మీద కూర్చోవడం దేనికి సారూ?” అని ఈశ్వరి అడిగింది.

ఓదెలు సారు దగ్గర భూగర్భజలాలు కొలిచే పని నేర్చుకుంటున్న మా అందరిలోనూ ఆమెకు తొందర ఎక్కువ. సారుకేమో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. ఆయనకున్న లోపం అదొక్కటే అనుకునేవాళ్లం. మిగతావి తర్వాత తెలిశాయి.

ఆ రోజు మేము రాతిగూడెంలో ఉన్నాం. ఇసుకరాతి పీఠభూమి అంచున పాతిక ఇళ్ల ఊరు అది. దిగువన బొగ్గుగని. గనిలోకి ఊరే నీటిని ఎడతెగకుండా తోడి వాగులోకి వదులుతుంటారు, లేకపోతే లోపలి పనివాళ్లు మునిగిపోతారు. ఇసుకరాయి నీటిని దాచుకుంటుంది గానీ, కింద ఖాళీ దొరికితే మెల్లగా జారవిడుస్తుంది కూడా. అందుకని, చుట్టుపక్కల బావుల్లో నీళ్లు పది మీటర్ల కంటే లోతుకు పోతే, తోడిన నీటినే శుద్ధిచేసి ఆ ఊరికి పైపు వేయాలని ఒప్పందం. రాతిగూడేనికి పైపు వస్తుందా, ఆడవాళ్లు ఎప్పటిలా రెండు మైళ్లు బిందెలు మోయాలా అన్నది మా కొలతతో తేలాలి.

లింగవ్వ బావిలో నాలుగు మీటర్లకే టేపు తడిసింది. ఇక ఈ ఊరికి పైపు లేనట్టే. లింగవ్వ ముఖంలో మాత్రం దిగులు లేదు. కూతురి పెళ్లిచూపులు బాగా జరిగిన తల్లిలా నిలబడింది.

సారు ఆమె మిరపతోట వైపు చూశారు. నిండు బావి పక్కనే మొక్కలన్నీ వాడి తలలు వేలాడేశాయి.

“లింగవ్వా, ఒళ్లంత దుమ్ము. జర మోటరేస్తే తానం చేస్త” అన్నారు.

లింగవ్వ తడబడింది. “ఏన్నీళ్లు కాగవెడ్త సారూ, ఇంట్ల పోసుకోన్రి.”

“నాకు సల్లటియే గావాలె.”

వచ్చినవాళ్లు నీళ్లడిగితే కాదనడం ఆ ఊళ్లో లేదు. మోటారు నడిచింది. సారు పైపు కింద కూర్చుని తీరిగ్గా రుద్దుకున్నారు, తలకు కూడా సబ్బు పట్టించారు. అంత సబ్బు ఆయన ఎన్నడూ వాడి ఎరగరు, ఆయన మెడ చూసిన వాళ్లెవరైనా సాక్ష్యం చెబుతారు. ముప్పావు గంట కాకముందే పైపు రెండుసార్లు దగ్గి, గాలి ఊది, ఆగిపోయింది. ఈశ్వరి టేపు దించింది. పదమూడు మీటర్లు, దాదాపు బావి అడుగుభాగం.

“గిదేందవ్వా?” అన్నారు సారు కళ్లు మూసుకునే.

“మీరొస్తున్నరని మూడొద్దుల సంది మోటరు బంద్ వెట్టినం. వాడంత గట్లనే జేసిండ్రు. వచ్చినోళ్లకు ఎండిన బాయి సూపెడ్తమా సారూ? మాకు ఇజ్జత్ లేదా?”

“మరి నా నెత్తిమీది సబ్బు?”

లింగవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఉండున్రి, ఇంట్ల బిందె ఉన్నది, తెస్త.”

“వద్దు. అవి నువ్వు రెండు మైళ్లు మోసిన నీళ్లు. ఈ బాయే ఇయ్యాలె.”

అలా కూర్చున్నారు. పాత నోటుబుక్కులో సారు చేతిరాతే ఉంది: ఆరేళ్ల కింద, గని ఇంత లోతుకు దిగకముందు, అడుగంటా తోడినా ఇదే బావి గంటన్నరలో నిండింది. ఇప్పుడు గంట గడిస్తే జానెడు కూడా ఊరలేదు. ఈశ్వరి పావుగంటకోసారి టేపు దించి రాస్తోంది. మేకలు ఇళ్లకు మళ్లే వేళకు అర మీటరు కూడా పెరగలేదు. నురగ ఎండి సారు బుగ్గల మీద పొలుసులు కట్టింది. ఊళ్లో వాళ్లంతా వరసగా వచ్చి చూసి పోయారు. సారు మాత్రం పెళ్లికొడుకులా కదలకుండా కూర్చున్నారు.

చివరికి ఈశ్వరే అంది. “కాగితంలో ఒకటే గడి ఉంది సారూ. నాలుగు రాయాలా, పదమూడు రాయాలా?”

“రెండూ రాయి బిడ్డా” అన్నారు సారు. “నడుమ నేను సబ్బుతోని ఎంతసేపు కూసున్ననో, అది మాత్రం మర్వకు.”