పాలు పొంగని ఇల్లు

చీపురుపల్లిలో గౌరునాయుడి ఇంట్లో మనుషులు ముగ్గురే. గౌరునాయుడు, అతని పెళ్ళాం పైడమ్మ, తమ్ముడు చిన్నంనాయుడు. మనుషులు ముగ్గురే గానీ తెలివి మాత్రం ఊరందరికీ పంచినా ఇంకా మిగులుతుందని వాళ్ళ నమ్మకం.

"మనకున్న బుర్ర ఇంకొకళ్ళకుంటే ఈపాటికి పిచ్చెక్కిపోయేది" అనేవాడు గౌరునాయుడు, అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా.

"మనం గనక తట్టుకుంటన్నాం అన్నా" అనేవాడు తమ్ముడు.

పైడమ్మ ఇద్దరికీ చారు పోస్తూ ఊరుకునేది. అందరిలోకీ ఎక్కువ తెలివి తనదేనని ఆమెకి తెలుసు. పైకి అంటే మగాళ్ళు చిన్నబుచ్చుకుంటారని ఓర్చుకునేది, అంతే. మొక్కలకి రోజూ నీళ్ళు పోయాలని ఎవరో చెప్పారని, కుండపోత వానలో గొడుగేసుకుని వెళ్ళి మరీ నీళ్ళు పోసి వచ్చే ఇల్లాలు ఆవిడ.

అలాంటి పైడమ్మకి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. వచ్చిందంటే ఆమె తెలివి చూసి రాలేదు లెండి, చేతివంట చూసి వచ్చింది. ఒక పెళ్ళిలో ఆమె చేసిన పనసపొట్టు కూర తిని, ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ ఎస్తేరు మేడం వేళ్ళు నాకేసుకుంది. "మా వంటింటికి వచ్చెయ్యి. సోమవారం పొద్దున్న ఆరింటికల్లా పొయ్యి దగ్గర ఉండాలి. రాకపోతే మాత్రం ఇంకొకావిడ కాచుకుని ఉంది, ఆమెని పెట్టేసుకుంటా" అంది. పైడమ్మకి ఒళ్ళంతా పులకరించింది. పుట్టి బుద్ధెరిగాక 'నువ్వు కావాలి' అని ఆమెని పిలిచినవాళ్ళు లేరు. ఆ ఉద్యోగం పోతే తను బతికి ఏం లాభం అనుకుంది.

చిక్కు ఒక్కటే. బస్సయినా, ఆటో అయినా చక్రం ఒకసారి తిరిగితే చాలు, పైడమ్మకి వాంతులు. రైలు ఒక్కటే పడుతుంది. పట్టాలున్నాయి కాబట్టి అది ఎటూ పోలేదని ఆమె కడుపుకి ధైర్యం. అంచేత హాస్టల్‌కి, కొట్టుకి, ఆసుపత్రికి అన్నింటికీ కాళ్ళతో నడిచి పోయే చోటే ఇల్లు దొరకాలి. అదీ సోమవారంలోపు.

ముగ్గురూ రైలు దిగి, ఊరికి ఆ చివర ఉన్న పైడమ్మ పిన్ని సత్యవతి ఇంటికి నడుచుకుంటూ చేరారు. పిన్ని మోకాళ్ళకి నూనె రాసుకుంటూ, పాపం, మంచికే ఒక మాట చెప్పింది.

"చూడు అమ్మడూ, బ్రోకర్ల మాట నమ్మకండి. వాళ్ళకన్నీ ఐదు నిమిషాలే. మీరే నడిచి చూసుకోండి. ఇల్లంటే ఎలా ఉండాలి? పొయ్యి మీద పాలు పెట్టి, కొట్టుకెళ్ళి పంచదార తెచ్చుకున్నా పాలు పొంగకూడదు. అలా ఉండాలి."

ఇంకేముంది! ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇంత తేలికైన కొలత ఉండగా జనాలు ఇళ్ళ కోసం ఎందుకలా తిరుగుతారో వాళ్ళకి అర్థం కాలేదు. శుక్రవారం పొద్దున్నే పిన్ని అటకమీది చిన్న సిలిండరున్న ఒంటిపొయ్యి గ్యాస్ స్టవ్వు దించారు. చిన్నంనాయుడు దాన్ని నెత్తికెత్తుకున్నాడు, గౌరునాయుడు గిన్నె పట్టుకున్నాడు, పైడమ్మ పాలపేకెట్లు పట్టుకుంది. హాస్టల్ ఉన్న పేట దాకా నడిచి, నూకరాజు అనే బ్రోకర్ని పట్టుకున్నారు.

నూకరాజు వాళ్ళని కొండవాలు మీదున్న ఇంటికి తీసుకెళ్ళాడు. "గాలీ వెలుతురూ చూడండి. కొట్టు ఎంత, ఐదు నిమిషాలు" అన్నాడు.

పైడమ్మ స్టవ్వు దింపించి, వెలిగించి, పాలు పెట్టి, "నడండి" అంది.

"ముగ్గురూ ఎందుకమ్మా? ఒకరు పాల దగ్గరుండండి!" అన్నాడు నూకరాజు.

"భలేవాడివే! పాలు పెట్టి వెళ్ళమంది పిన్ని. కూర్చోమన్లేదు."

అంతే, ముగ్గురూ కొండ దిగారు, వెనకాలే నూకరాజూ. దిగడం జారుడుబల్లే. పంచదార కొన్నారు. తిరిగి ఎక్కేసరికి గౌరునాయుడు మూడుచోట్ల కూలబడ్డాడు, చిన్నంనాయుడు ఒకచోట కునుకు కూడా తీశాడు. పైకొచ్చి చూస్తే పాలు పొంగి, స్టవ్వు నిండా పొర్లి, గచ్చు మీద మడుగు కట్టాయి.

"ఇదేనా నీ ఐదు నిమిషాలు?" అన్నాడు గౌరునాయుడు రొప్పుతూ.

"నా నడకకి ఐదే బాబూ!"

"అలా చెప్పు మరి! నీ కాళ్ళకి దగ్గర, మా కాళ్ళకి దూరం. పోనీ రోజూ పంచదార నువ్వు తెచ్చిపెడతావా?"

నూకరాజు ఏదో అనేలోపు ఇంటావిడ మెట్లెక్కి వచ్చింది. పొంగిన పాలు చూసింది. ఆవిడ మొహం చింకిచేటంత అయింది. "ఓలమ్మో, చెప్పకుండానే పాలు పొంగించేశారా! తూర్పుకే పొంగాయి, ఎంత శుభం!" అని గబగబా పసుపూ కుంకం తెచ్చి పైడమ్మకి బొట్టు పెట్టేసింది.

"అయ్యో, మేం ఇంట్లో దిగలేదమ్మా. పాలు పొంగాయి కాబట్టి ఇల్లు పనికిరాదు" అంది పైడమ్మ.

ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "అవేం మాటలు? పాలు పొంగిన ఇంట్లో మనిషి నిద్ర చెయ్యాలి. ఖాళీగా వదిలేస్తే ఇంటికీ మంచిది కాదు, మీకూ మంచిది కాదు."

పైడమ్మ నుదుటి మీది బొట్టు తడుముకుంది. రాక రాక వచ్చిన ఉద్యోగం, దానిముందు ఈ అరిష్టం ఏమిటి? ముగ్గురూ మూలకెళ్ళి గుసగుసలాడుకున్నారు. బాగా ఆలోచించి చిన్నంనాయుణ్ణి ఆ ఇంట్లో వదిలేశారు.

"ఇల్లు ఖాళీగా ఉండకూడదంట. నువ్వు కదలకేం" అన్నాడు అన్న.

"వెళ్ళిరా అన్నా. చీమ చిటుక్కుమన్నా నేనుంటాను" అన్నాడు తమ్ముడు, కళ్ళు తుడుచుకుంటూ.

శనివారం ఇంకో ఇల్లు. ఇది చదును నేల మీదే. కొట్టు గుమ్మంలోంచి కనపడుతోంది కూడా. నడుమ పెద్ద రోడ్డు, అంతే. పాలు పెట్టి మొగుడూ పెళ్ళాం బయటికొచ్చారు. రోడ్డు మీద లారీలు, బస్సులు, బైకులు, ఒకదాని తోక పట్టుకుని ఒకటి పోతున్నాయి. పక్కనున్న పెద్దాయన, "జాగ్రత్తమ్మా, బళ్ళు పోయాక దాటండి" అన్నాడు. ఆయన అన్నది మంచిమాటే. వీళ్ళు బళ్ళు పోయేదాకా నిలబడ్డారు. విశాఖపట్నంలో ఎన్ని బళ్ళున్నాయో అన్నీ పోవాలి కదా! మధ్యాహ్నమయింది. గౌరునాయుడికి కాళ్ళు పీకేశాయి.

"ఇంకెన్ని ఉండుంటాయి పైడమ్మా?"

"అయిపోవొచ్చాయి బావా. ఆ ఎర్ర బస్సు ఇందాక కూడా పోయింది. అంటే ఉన్నవన్నీ అయిపోయి మళ్ళీ మొదలెట్టాయి."

"అయితే అయిపోయినప్పుడు మనం చూసుకోలేదన్నమాట" అని గౌరునాయుడు నుదురు కొట్టుకున్నాడు.

చివరికి ఒక కాలేజీ పిల్ల జాలిపడి, చేయి పట్టుకుని అటు దాటించి, పంచదార కొనిపించి, మళ్ళీ ఇటు దాటించింది. ఇంకేముంది, పాలు పొంగడం కాదు, మాడి బొగ్గయ్యాయి. ఇల్లంతా పొగ. ఇంటాయన కిటికీలు తెరిచి లబోదిబోమంటుంటే పైడమ్మ ఆయన్నే ఓదార్చింది. "బాధపడకండి. పాలు పొంగిన ఇల్లు ఖాళీగా వదిలేసే మనుషులం కాం" అని మొగుణ్ణి అక్కడ కూర్చోబెట్టి, స్టవ్వు తన నెత్తినెత్తుకుని ఒక్కతే బయల్దేరింది.

పిన్ని గుమ్మంలోనే ఎదురయింది. "అదేంటే, నిన్న ముగ్గురెళ్ళి ఇద్దరొచ్చారు. ఇవాళ ఇద్దరెళ్ళి ఒక్కదానివొచ్చావు. మీ ఆయనేడీ?"

"ఇంట్లో ఉన్నాడు పిన్నీ."

"ఏ ఇంట్లో?"

"పనికిరాని ఇంట్లో."

"మరి చిన్నంనాయుడు?"

"ఇంకో పనికిరాని ఇంట్లో."

పిన్ని నెత్తి పట్టుకుని కూలబడింది. "ఓసి నీ తెలివి తగలెయ్య! పాల మాట నేను మాటవరసకన్నానే! హాస్టల్‌కి ఎదురుగానే రిటైరైన లెక్కల మాస్టారి ఇల్లుంది. మేడ మీద వాటా ఇవాళే ఖాళీ అయిందని కబురొచ్చింది. కింద కొట్టు, పక్కన ఆసుపత్రి. నోరు మూసుకుని వెళ్ళి ఆ ఇల్లు తీసుకో."

ఆ మాటకి పైడమ్మకి ప్రాణం లేచొచ్చింది. పాల సంగతి మాత్రం వదలబుద్ధి కాలేదు. పిన్ని పెద్దమనిషి. ఒకసారి చెప్పాక చెప్పినట్టే, ఇప్పుడు మోకాళ్ళ నొప్పికి ఏదో అంటోంది పాపం అనుకుంది.

ఆదివారం మాస్టారి ఇంట్లో స్టవ్వు దింపింది. మాస్టారూ ఆయన భార్యా నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా పాలు పెట్టి, మెట్లు దిగి, కొట్లో పంచదార కొని, మెట్లెక్కి వచ్చింది. గిన్నెలో వేలు పెట్టి చూసింది. గోరువెచ్చన! పైడమ్మ గోడకి చేరబడి బావురుమంది. ఏడుస్తూనే నవ్వింది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా హాస్టల్ వంటింటి పొగగొట్టం. ఇక తన ఉద్యోగం ఎక్కడికీ పోదు!

"ఇల్లు దొరికింది మాస్టారూ! పొంగలేదు!"

మాస్టారికి ఏమీ అర్థం కాకపోయినా సంతోషపడ్డాడు. "రేపు తెల్లారగట్ల ముహూర్తం బాగుందమ్మా. వచ్చెయ్యండి. ఆరింటికి పనిలోకి కూడా వెళ్ళిపోవచ్చు."

తిరుగుదారిలో పైడమ్మ మగాళ్ళని ఏరుకుంది. గౌరునాయుడు పొగ వాసన కొడుతూ, ఇంటాయన దగ్గరుండి వేయిస్తుంటే గోడలకి సున్నం వేస్తూ దొరికాడు. చిన్నంనాయుడి సంగతి ఇంకా దారుణం. ఇల్లు ఖాళీ అయిపోతుందని శుక్రవారం నించి గడప దాటలేదట. పంచదార పొట్లం తిని బతికాడు. ఇంటావిడ పైడమ్మ చేతులు పట్టేసుకుంది. "తీసుకుపో తల్లీ, నీకు పుణ్యం ఉంటుంది! కొత్తగా అద్దెకొచ్చేవాళ్ళని కూడా లోపలికి రానివ్వటం లేదు. ఇల్లు ఖాళీగా ఉంటేనే మంచిది."

సోమవారం తెల్లారగట్ల ముగ్గురూ తలంట్లు పోసుకుని మాస్టారి మేడెక్కారు. మాస్టారి భార్య ముగ్గేసి, పొయ్యికి పసుపు రాసి, కొత్త గిన్నెలో పాలు పోయించింది. పైడమ్మ అగ్గిపుల్ల గీసి, అలవాటుగా మెట్లవైపు పరిగెత్తబోయింది.

"ఎక్కడికమ్మా? పాలు పొంగేదాకా ఇంటి ఇల్లాలు కదలకూడదు. తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకో" అని మాస్టారు ఆపేశాడు.

పైడమ్మ ఆగిపోయింది. పాలు సన్నగా కదిలాయి. మీగడ కట్టింది. అంచులు లేచాయి. ఆమెకి చెమటలు పట్టాయి. గౌరునాయుడు "ఆగండి, ఆగండి" అని పాలని బతిమాలాడు. చిన్నంనాయుడు వంగి ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. పాలు ఆగుతాయా? జరజరా లేచి నాలుగువైపులా పొర్లాయి.

"శుభం! శుభం!" అని మాస్టారు చప్పట్లు కొట్టాడు. ఆయన భార్య హారతి వెలిగించింది.

వీళ్ళు ముగ్గురూ శవం దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డారు. పైడమ్మ కళ్ళల్లో నీళ్ళు జలజలా కారిపోయాయి.

"ఇది కూడా పొంగిపోయింది బావా. దూరం."

"ఏది దూరం?" అన్నాడు మాస్టారు తెల్లబోయి.

"ఈ ఇల్లే సార్. పంచదార రానేలేదు, పాలు పొంగిపోయాయి."

"నువ్వు వెళ్ళందే పంచదార ఎలా వస్తుందమ్మా? నిన్న వెళ్ళి తెచ్చావు కదా!"

"నిన్న దగ్గరే సార్. రాత్రికి రాత్రి ఎలా జరిగిపోయిందో, దూరమైపోయింది."

మాస్టారు ఆమెని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళాడు. "అదుగో కొట్టు. అదుగో మీ హాస్టల్. కళ్ళు లేవా?"

"కళ్ళదేముంది మాస్టారూ, రోడ్డవతల కొట్టు కూడా మొన్న ఇలాగే కనపడింది" అన్నాడు గౌరునాయుడు జాలిగా. "మీరు చదువుకున్నవాళ్ళు, మిమ్మల్ని అనకూడదు గానీ, దగ్గరా దూరం తేల్చాల్సింది పాలు." తమ్ముడు అప్పుడే స్టవ్వు నెత్తికెత్తుకున్నాడు. లెక్కల మాస్టారు కుర్చీలో కూలబడి భార్యని మంచినీళ్ళు అడిగాడు.

ఎదురుగా హాస్టల్ గంట మోగింది. ఆరు. పైడమ్మకి దుఃఖం ఆగలేదు. అయినా మర్యాద తెలిసిన మనిషి. చెప్పకుండా మానేస్తే ఎస్తేరు మేడం ఎంత ఎదురుచూస్తుందో అని, మొగుణ్ణీ మరిదినీ వీధిలో నిలబెట్టి, నాలుగడుగులేసి హాస్టల్ వంటింట్లోకి వెళ్ళింది.

మేడం గంట దగ్గర్నించి ఇంకా చెయ్యి తియ్యనేలేదు. "శభాష్! గంట కొట్టేసరికి వచ్చావు. రా రా, ఆ ఏప్రన్ కట్టుకో, ఉప్మాకి నూక వేయించు."

పైడమ్మ కొంగుతో ముక్కు చీదుకుంది. "నన్ను క్షమించండి మేడం. నేను పనిలోకి రాలేను. వేరే ఆవిణ్ణి పెట్టుకోండి."

"అదేంటి? ఏమైంది?"

"నడిచొచ్చే దూరంలో ఇల్లు దొరకలేదు మేడం."

"మరి ఇప్పుడెలా వచ్చావు?"

"నడిచొచ్చాను."

"ఎక్కణ్ణించి?"

"ఎదురింట్లోంచి. అది దూరమని తేలిపోయింది మేడం. ఇవాళంటే మీకు చెప్పాలి గనక వచ్చాను. రోజూ అంత దూరం నించి ఎలా రాను?" అని పైడమ్మ మేడం చేతులు రెండూ కళ్ళకద్దుకుని, ఏడుస్తూ రోడ్డు దాటి వెళ్ళిపోయింది.