గుండె గట్టిపడని ఐసు

చెప్పండి, రేవులో మీరేం చూశారు? బోటు వచ్చింది, బుట్టలు దిగాయి, కంపు భరించలేక ముక్కు మూసుకుని తప్పుకున్నారు. అంతేనా? అయితే మీరేమీ చూడలేదు. దివాకరం కూడా మొదట అంతే చూశాడు.

దివాకరం ఆ రేవులోని ఐసు ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటున్నాడు. నేర్పేది సింహాచలం. రేవంతా ఆయన్ని గురువుగారనే పిలుస్తుంది. ఆయనకో అలవాటు. బోటు నడిపే ఏ సరంగు ఫోన్ చేసి ఐసు ఎలా ఉందని అడిగినా, "ఉండు, చూసి చెబుతా" అని ఫోను బల్ల మీద పెట్టి లోపలికి నడిచేవాడు. తొట్టి మీది చెక్కమూత ఎత్తి, ఐసు దిమ్మను చూసి వచ్చి అప్పుడు చెప్పేవాడు. దిమ్మ అంచుల నుంచి గడ్డకడుతుంది. పైకి రాయిలా ఉన్నా గుండెలో ఇంకా నీళ్ళుండొచ్చు. అలాంటి ఐసు బోటులో నిలవదు. ఇదంతా తెలిసి కూడా దివాకరానికి ఆ నడక ఉత్త ముసలి చాదస్తంలా కనిపించేది.

గురువుగారు ఊళ్ళో లేని రోజున ఎల్లాజీ ఫోన్ చేశాడు. ఏళ్ళ తరబడి ఇంకొకరి బోటు నడిపి, ఈమధ్యే సొంత బోటు దింపిన సరంగు. బోటులో పనిచేసే కలాసీలంతా కొత్తవాళ్ళు. మొదటి వేట చూసుకుని ఉండేదీ పోయేదీ చెబుతామన్నారు.

"ఐసు గట్టిదేనా బాబూ? గట్టిదైతే లోతుకెల్తాం. కాదంటే ఒడ్డు పట్టుకునే తిరుగుతాం."

"రాయిలా ఉందన్నా, వచ్చెయ్!" అన్నాడు దివాకరం, కుర్చీలోంచి లేవకుండానే. అడగ్గానే బదులిచ్చానని మురిసిపోయాడు కూడా.

ఆ మాట నమ్మి ఐసు ఎక్కించుకుని లోతుకెళ్ళిన ఎల్లాజీ, వేట ముగించి సిగ్నలు అందే చోటికి రాగానే మళ్ళీ ఫోన్ చేశాడు. "ఐసంతా నీరైపోనాది బాబూ. సేప నిండుగా పడ్డాది. దగ్గర్లో ఏ రేవులో ఐసుందో సెప్పు, అటు తిప్పుతాను."

ఈసారి దివాకరం భయపడ్డాడు. ఇంకోసారి తప్పు చెప్పకూడదనుకున్నాడు. ఏమీ చెప్పకుండానే ఫోను పెట్టేశాడు. "కనుక్కుంటున్నా, అక్కడే ఉండు" అనడానికి ఏం అరిగిపోయిందయ్యా? ఫ్యాక్టరీలన్నింటికీ ఫోన్ చేసి, పొరుగు రేవులో ఐసుందని రూఢి చేసుకుని, తీరా చెప్పబోతే ఎల్లాజీ సిగ్నలుకు అందలేదు. అప్పటికే అతను చూసి చూసి బోటును ఇంటిదారి పట్టించాడు.

గురువుగారు రాగానే దివాకరం ఎదుట నిలబడ్డాడు. "మొదట వెంటనే చెప్పాను, తప్పయింది. తర్వాత సరిగ్గా చెప్పబోయాను, ఆలస్యమైంది. రెండింట్లో ఏది పెద్ద తప్పు గురువుగారూ?"

ఆయన కండువా భుజాన వేసుకున్నాడు. "పద. ఎల్లాజీ బోటొచ్చింది."

రేవులో బుట్టల నిండా వంజరం చేపలు. కొని అమ్ముకునే ఆడవాళ్ళు మొప్పలు ఎత్తి చూసి వదిలేస్తున్నారు. "ఏటి మావా, సముద్రంలో పట్టేవా, పెంటకుప్పలో పట్టేవా?" అందొకామె. ఎవరూ నవ్వలేదు. కలాసీలు ఒక్కొక్కరే బట్టల మూట తీసుకుని దిగిపోయారు. అందరిలోకీ పెద్దవాడు మాత్రం ఆగాడు. "నీ సెయ్యి మంచిదే సరంగూ. పిల్లలున్నోళ్ళం, ఏటి సేస్తాం?" అని వాడూ వెళ్ళిపోయాడు.

ఎల్లాజీ ఒక్కడే మిగిలి బుట్టలు నీళ్ళలోకి వంపుతున్నాడు. దివాకరం దగ్గరికి వెళ్ళాడు. ఏదో ఒకటి అనాలి గదా.

"అన్నా... పొరుగు రేవులో ఐసుంది."

ఎల్లాజీ తలెత్తి అతన్ని చూశాడు. తిట్టినా బాగుండేది.

"అలాగా బాబూ," అన్నాడు. ఇంకో బుట్ట అందుకున్నాడు.

అంతలో దివాకరం జేబులో ఫ్యాక్టరీ ఫోను మోగింది. ఇంకో బోటు, ఇంకో సరంగు. దివాకరం చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగింది. గురువుగారి ముఖంలోకి చూశాడు.

గురువుగారు నీళ్ళ మీద తేలిపోతున్న చేపల్నే చూస్తున్నాడు. "నన్ను చూస్తావేంరా? మోగుతోంది."

ఆ ఫోను మీ చేతిలో ఉంటే, మొదటి మాట ఏమంటారు?