కుసుమ పెట్టుకున్న వరస

“పిల్లలకు ఏది మంచిదో మనకు స్పష్టంగా తెలిసినప్పుడు, వాళ్ళ తరఫున మనమే నిర్ణయిస్తే తప్పేమిటి మాస్టారూ?” అని పైడిరాజు అడిగాడు. మామూలు సందేహంలాగే అడగబోయాడు గాని, మాట పెళుసుగా వచ్చింది.

సన్యాసిరావు మాస్టారు ముప్ఫయ్యేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. బొబ్బిలిలో చిన్న గది తీసుకుని, యూనివర్సిటీల్లో చేరబోయే పిల్లలకు కోర్సుల సంగతి విడమరచి చెప్పి, దరఖాస్తులు నింపించి, ఇంటర్వ్యూలకు తయారుచేసేవారు. పైడిరాజు ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు ఆయన పక్కన కూర్చుని ఆ పని నేర్చుకుంటున్నాడు.

ఆ రోజు కోర్సుల ఎంపికకు ఆఖరి రోజు. ఐదింటికి వెబ్‌సైటు మూతపడుతుంది. కుసుమ అనే అమ్మాయి జియాలజీని మొదటి స్థానంలో పెట్టుకుంది. బోరు బండి మీద పనిచేసే తండ్రి అప్పన్న వెంట తిరుగుతూ, ఎన్ని అడుగుల లోతున ఏ రంగు రాతిపొడి పడుతుందో చూస్తూ పెరిగిన పిల్ల. ఆమె ర్యాంకుకు నగరంలో కంప్యూటర్ సీటు ఖాయం. పైడిరాజు రెండు రోజులు నచ్చజెప్పాడు. ఆమె వినలేదు. ఆ మధ్యాహ్నం అతనే ఆమె పేజీ తెరిచి కంప్యూటర్ కోర్సును పైకి జరిపాడు. మార్పు నిలవాలంటే తండ్రి ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. “చిన్న సవరణ” అని అడిగితే, “తవరు సేసేది మా మంచికే గదా బాబూ” అని అప్పన్న అంకెలు చదివేశాడు. అప్పటి నుంచి పైడిరాజుకు కుర్చీలో కుదురు లేదు.

ప్రశ్న విన్న మాస్టారు తన కంప్యూటరును ముందుకు లాక్కున్నారు. పైడిరాజు వారం క్రితం అందులోనే పరిశోధనలో చేరడానికి దరఖాస్తు మొత్తం నింపి, ఇంటర్వ్యూ తలుచుకుని భయపడి పంపకుండా వదిలేశాడు. మాస్టారు ఆ పేజీ తెరిచి, కిందికంటా వెళ్ళి, ఆఖరి బటన్ దగ్గర ఆగారు.

“ఏం చేస్తున్నారు మాస్టారూ?”

“పంపిస్తున్నాను. ఇది నీకు మంచిదని నాకు తెలుసు.”

పైడిరాజు ఒక్క ఉదుటున లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. గురువు చెయ్యి అలా పట్టుకోవడం అతనికి అదే మొదటిసారి. “వద్దండీ! నేనింకా తేల్చుకోలేదు. నన్నడక్కుండా మీరెలా పంపుతారు?”

మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తన నోటి మాటే పైడిరాజుకు కుసుమ మాటలా వినబడింది. గడియారంలో నాలుగూ ఇరవై అయింది.

అతను జరిగిందంతా చెప్పేశాడు. చెబుతూనే అప్పన్నకు ఫోను కలిపాడు. మోగి మోగి ఆగిపోయింది. బోరు వేస్తున్నచోట ఆ హోరులో ఫోను వినబడదు. మళ్ళీ చేశాడు. పన్నెండుసార్లు చేశాడు. నాలుగూ నలభై మూడుకి అప్పన్న ఎత్తాడు. కుసుమ పక్కనే ఉందని తెలిసి, ఫోను ఆమెకిమ్మన్నాడు.

“అమ్మా, నీ వరస నేను మార్చేశాను. నిన్నడక్కుండా,” అన్నాడు పైడిరాజు.

ఆ పిల్ల యంత్రం హోరుకు దూరంగా జరిగింది.

“ఎందుకు సార్?”

చెప్పడానికి అతని దగ్గర పది కారణాలున్నాయి. అవన్నీ పక్కన పెట్టేశాడు. “తప్పు చేశాను. ఇంకా టైముంది. ఎలా పెట్టమంటావో చెప్పు.”

“జియాలజీ ముందు పెట్టండి.” ఆ వెంటనే, “రెండోదేం పెట్టాలో తెలీడం లేదు సార్. మీరేమంటారు?” అంది.

పైడిరాజు కళ్ళు తుడుచుకుని, తనకు తెలిసింది రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె విని, ఆలోచించుకుని, సరేనంది. ఓటీపీ మొదటిసారి తప్పు పడింది. రెండోసారి అంకెలు ఆమే నెమ్మదిగా చదివింది. నాలుగూ యాభై ఏడుకి పేజీ మీద ‘భద్రపరచబడింది’ అన్న మాట కనిపించింది.

ఐదు దాటి వెబ్‌సైటు మూతపడింది. అయినా గుబులు పోలేదు.

“మాస్టారూ, రేపు ఆ పిల్ల ఎంచుకున్నది పొరపాటని తేలితే?”

“తేలితే నీ దగ్గరికే వస్తుంది,” అన్నారు మాస్టారు కళ్ళజోడు తీస్తూ. “నువ్వు ఎంచింది పొరపాటని తేలి ఉంటే, ఎవరి దగ్గరికి వెళ్ళేది?”