ముప్పయ్యో రోజు తేలు

ఆ రాజ్యంలో ముప్పై రోజులు వరుసగా పనిచేసినవాళ్ల పేర్లు యజమానే వైద్యశాలలో రాయించాలి; ఆపై వాళ్ల వైద్యం ఖర్చు ఆయనదే. తన దగ్గర పనివాళ్లున్నారని సాక్ష్యముంటే యజమానికీ వైద్యం చేస్తారు. అద్దకపు శాల విరూపాక్షయ్య మాత్రం ఇరవై తొమ్మిదో రోజు అందరినీ మాన్పించి, ఒకరోజు ఆగి మళ్లీ పెట్టుకునేవాడు.

ఓ ముప్పయ్యో రోజు ఆయన్ని కాలిమీద తేలు కుట్టింది. లబోదిబోమంటూ వైద్యశాలకు పరిగెత్తాడు. తన పేరు రాసి లేదని వైద్యుడు చూడక, రంగునీళ్లకు బొబ్బలెక్కిన చేతులతో గుమ్మంలోనే నిలబడి ఉంది ఆయన శాలలో పనిచేసే పోలమ్మ.

"పోలమ్మా, నేను నీ యజమానినని చెప్పవే!"

"నిన్ననే మాన్పించారు కదయ్యా. ఇవాళ మీకు పనివాళ్లెక్కడ?"

విరూపాక్షయ్య కాలి మంట కూడా మరిచిపోయాడు.

"మాన్పించలేదని చెప్పు తల్లీ!"

"అలాగేనయ్యా," అంటూ పోలమ్మ బొబ్బల చేతులు వైద్యుడి ముందు చాపింది. "అయితే ఇవాళ్టితో మా నలభై మందికీ ముప్పై రోజులు నిండాయి. ముందు మా పేర్లు రాయించండి."