రాజుగారికి సాక్షి కావాలి

కొండగడప అని ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే రణధీరవర్మకు తన దయాగుణం మీద తనకే మహా ముచ్చట. యుద్ధం చేసి వచ్చిన సైనికుల ఇంటిల్లిపాదికీ ఉచితంగా మందులిచ్చే వైద్యశాల కట్టించాడు. రాగిబిళ్ల చూపిస్తే చాలు, లోపలికి రానిస్తారు. ఆ బిళ్ల రావాలంటే మాత్రం, అప్పటికే బిళ్ల ఉన్న సైనికుడొకడు వచ్చి, "ఇతను నాతో యుద్ధంలో ఉన్నాడు" అని సాక్ష్యం చెప్పాలి.

మరి మొదటి బిళ్ల ఎవరికిచ్చారంటారా? ఎవరికీ ఇవ్వలేదు. ఆ సంగతి ఒక్క బుర్రకూ తట్టలేదు. వైద్యశాల ఖాళీగా ఉంటే, "చూశారా, నా సైనికులకు రోగాలే రావు!" అని రాజు మీసం దువ్వుకునేవాడు.

యుద్ధంలో కాలు దెబ్బతిన్న ఎర్రపోతు భార్య నూకాలమ్మకు జ్వరం ముదిరింది. అతను కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చి బిళ్లల అధికారిని బతిమాలాడు.

"సాక్షిని తీసుకురా."

"మా దళపతిగారున్నారు బాబయ్యా."

"ఆయనకు బిళ్ల ఉందా?"

"లేదండీ. ఆయనకు సాక్షిని నేనే."

"మరి నీకుందా?"

ఎర్రపోతుకు తల తిరిగింది. నిజం చెప్పాలంటే అధికారికీ తిరిగింది. కానీ ఆజ్ఞ రాజుగారిదాయె, ఏం చేస్తాడు పాపం! ఎర్రపోతు వెళ్లి ఆస్థాన విదూషకుడు చిట్టెన ముందు కూలబడి, కాలికి దెబ్బ తగిలిన దగ్గర్నుంచి జరిగిందంతా చెప్పుకుని ఏడ్చాడు. చిట్టెనకు ఒళ్లు మండింది.

మర్నాడు విజయోత్సవం. యుద్ధం చేసినవారికి దండలు వేయడం ఆచారం, మొదటి దండ రాజుది. దండ పట్టుకుని వచ్చిన చిట్టెన వేయకుండా ఆగిపోయాడు.

"ప్రభూ, తమరు యుద్ధంలో ఉన్నారనడానికి సాక్షి ఎవరు?"

"నాకు సాక్షా! సేనాపతిని అడుగు!"

"వారికి బిళ్ల లేదు ప్రభూ."

రాజు బిళ్లల అధికారి వైపు ఉరిమి చూశాడు. "ఆజ్ఞలో తమకు మినహాయింపు లేదు మహాప్రభూ" అన్నాడు అతను.

రాజు కిరీటం సర్దుకున్నాడు. "ఉండండి! నేను గుర్రం మీంచి వాగులో పడితే ఒకడు భుజాన మోసి గట్టెక్కించాడు. అప్పుడే వాడి మోకాట్లో బాణం దిగింది. వాణ్ణి పిలవండి!"

చిట్టెన జనంలోంచి ఎర్రపోతును ముందుకు తెచ్చాడు. "ఇతనే ప్రభూ. కానీ సైనికుడని నమ్మడానికి వీల్లేదట."

"వీల్లేకపోవడమేమిటి? నేను కళ్లారా చూశాను!"

"తమ సాక్ష్యం చెల్లదు. తమకింకా బిళ్ల రాలేదు."

"ఇంతకీ నేను యుద్ధం చేసినట్టా, చేయనట్టా?" అన్నాడు రాజు అయోమయంగా.

"మీ ఇద్దరిలో ఒకరినైనా సాక్షి లేకుండా నమ్మాలి ప్రభూ. ఎవరిని నమ్మమంటారు?"

రాజు ఎర్రపోతు మోకాటి మీది మచ్చను చూశాడు. సిగ్గుతో తల దించుకున్నాడు.

"ముందు అతన్నే. ఇకమీదట బిళ్లా వద్దు, గిళ్లా వద్దు. సైనికుడి మాట చాలు. ఇప్పుడు చెప్పవయ్యా, నేను యుద్ధంలో ఉన్నానా?"

"ఉన్నారు దొరా. ఆ బరువు నా భుజం ఇంకా మర్చిపోలేదు."

రాజు పగలబడి నవ్వాడు. మెడలోని హారం తీసి చిట్టెనకు వేశాడు. ఎర్రపోతును ఏం కావాలో కోరుకోమన్నాడు.

"మా ఇంటిదానికి మందు దొరా. నడవలేకుండా ఉంది."

ఆ పూట రాజుగారి పల్లకిలో నూకాలమ్మ వైద్యశాలకు వెళ్లింది. రాజుగారు కోటకు నడిచి వెళ్లారు.