చేపలతొట్టి కింది బ్యాటరీ

జిలానీ నలభై రోజుల దీక్ష పట్టాడు. యాభై మూడో రోజు నడుస్తున్నా విరమించలేదు. మనసు కుదుటపడలేదు మరి. పడేదాకా లేవనని భీష్మించుకుని కూర్చున్నాడు.

ఉదయగిరి కొండ కింద అమీనుద్దీన్ సాహెబ్ అనే సూఫీ గురువు ఆశ్రమం అది. జిలానీ ఊళ్లో పుస్తకాలకు అట్టలు కట్టే పని చేసుకునేవాడు. దీక్ష పట్టాక ఇంటి ముఖం చూడలేదు. భార్య రెండుసార్లు వచ్చి, దూరం నుంచే చూసి వెళ్లిపోయింది.

ఆశ్రమం వసారాలో ఒక చేపలతొట్టి ఉంది. బాధ చెప్పుకోడానికి వచ్చినవాళ్లు ముందు దాని ఎదుట కూర్చునేవాళ్లు. ఆ చేపల్ని చూస్తూ చూస్తూ కాస్త తేరుకునేవాళ్లు. తొట్టిని కనిపెట్టుకునే పని జిలానీది. ఎండాకాలం కాబట్టి కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. పోయినా నీళ్లలోకి గాలి ఊదే పంపు ఆగకూడదని తొట్టి కింద ఒక బ్యాటరీ పెట్టాడు. అది ఎక్కడ దిగిపోతుందోనన్న బెంగతో ఛార్జరు ఒక్క రోజూ ఆపలేదు. దుమ్ము పడకుండా పైన మందపాటి మఖమల్ గుడ్డ కప్పాడు.

ఆ ఉదయం చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చిన ఒకామె తొట్టి అద్దం మీద చెయ్యి ఆనించింది. జిలానీ కసిరాడు. ఆమె బిత్తరపోయి బయటి మెట్ల మీదికి పోయి కూర్చుంది.

తనకే సిగ్గేసి గురువు దగ్గరికి వెళ్లాడు.

"హజ్రత్, రాత్రీ పగలూ జపంలోనే ఉంటున్నాను. ఒక్క పూట మానలేదు. అయినా నాలో ఈ చిరాకు ఎందుకు?"

సాహెబ్ లేచి వచ్చి తొట్టి పక్కన నేల మీద కూర్చున్నాడు. మఖమల్ గుడ్డ తీశాడు.

"చెయ్యి దగ్గరగా పెట్టి చూడు."

జిలానీ పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. సెగ కొడుతోంది. బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి.

"ఛార్జరు ఎప్పుడు ఆపావు?"

"ఆపలేదు హజ్రత్. ఎప్పుడూ నిండుగా ఉండాలని."

"నిండాక?"

సాహెబ్ గోడ దగ్గర స్విచ్చి ఆపాడు. వేడి చల్లారేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత జిలానీ చేత దాన్ని మెల్లగా పెరట్లోకి మోయించి, దరిదాపుల్లో ఏమీ లేని చోట బండ మీద పెట్టించాడు.

"దీని పని అయిపోయింది. నిండగానే దానంతటదే ఆగే ఛార్జరుతో కొత్తది తెప్పిద్దాం. నెలకోసారి పంపుకు తగిలించి నడిపి చూసుకో."

గంట తిరక్కముందే కరెంటు పోయింది. పంపు ఆగింది. కాసేపటికి పదకొండు చేపలూ పైకి తేలి నోళ్లు తెరుచుకోవడం మొదలుపెట్టాయి. జిలానీ పెరటివైపు పరుగెత్తబోయాడు.

"ఆ బ్యాటరీయే మళ్లీ తగిలిస్తాను హజ్రత్. ఈ ఒక్కసారికీ."

"వద్దు."

సాహెబ్ చెంబు తీసుకుని తొట్టిలో ముంచాడు. జానెడు ఎత్తు నుంచి సన్నటి ధారగా నీళ్లు మళ్లీ తొట్టిలోకే పోశాడు. బుడగలు లేచాయి. మళ్లీ ముంచాడు, మళ్లీ పోశాడు. ముసలి చెయ్యి అలిసిపోవడం చూసి జిలానీ చెంబు అందుకున్నాడు.

చాలాసేపు పోశాడు. అతని భుజం కూడా లాగేసింది. తలెత్తేసరికి మెట్ల మీది తల్లి గుమ్మంలో నిలబడి ఉంది.

"అమ్మా, పొద్దున తప్పుగా మాట్లాడాను," అన్నాడు జిలానీ. "కాసేపు నువ్వు పోస్తావా? బిడ్డను నేను ఎత్తుకుంటాను."

ఆమె బిడ్డను ఇచ్చి చెంబు తీసుకుంది. బిడ్డ జిలానీ గడ్డం పట్టుకుని లాగింది. అతనికి నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తు లేదు.

మధ్యాహ్నం నమాజు వేళకు కరెంటు వచ్చి పంపు గురగురమంది. చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. జిలానీ లెక్కపెట్టాడు. పదకొండూ ఉన్నాయి. గుండెల నిండా ఊపిరి తీసుకుని గోడకు చేరగిలబడ్డాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, ఈసారి నిదానంగా తొట్టి ముందు కూర్చుంది.

నమాజు అయ్యాక జిలానీ జపానికి చాప పరిచాడు. సాహెబ్ వంగి ఆ చాప చుట్టేశాడు.

"ఇంటికి వెళ్లు. భోంచేసి పడుకో."

"మరి దీక్ష, హజ్రత్?"

"పదమూడు రోజుల కిందటే నిండింది."